‘ఇంకా ఉంది’: మాయాకథా పరంపరలయందు పాఠకుని నిరీక్షణ

విశాఖపట్టణమునుండి కిరండూలు పోవు రైలుమార్గమున శివలింగపురము దాటిన పిమ్మట వచ్చు చిన్న స్టేషను టైడా. జానపద కథల సేకరణమునకై పరిశోధక విద్యార్థులతో మేమొక శీతకాలమున అచ్చట రెండు రాత్రులు విడిది చేసితిమి. పగలంతయు ఊళ్లు తిరుగుటతో సరిపోయినది. రాత్రి చలిమంట చుట్టును చేరినప్పుడు విద్యార్థులిద్దరు గట్టిగా వాదించుకొనుచుండిరి. పగలు విన్న కథలమీద కాబోలునని చెవియొగ్గితిమి. కాదు, వారి వాదము అమెరికా రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ వ్రాయుచున్న డ్రాగనుల కథను గూర్చినది. అయిదు సంపుటములు చదివి ఆరవదానికై ఎదురుచూచుచున్న వారు వారిద్దరును. రచయిత ఎప్పటికైనను ముగించునని ఒకరు, ముగింపడని ఒకరు. తుదకు ఆ అమ్మాయి మావైపు తిరిగి, “మాస్టారూ, ఆరోది వస్తుందంటారా, రాదంటారా?” అని అడిగినది.

మేము నవ్వి ఊరకుంటిమి. కాని ఆ ప్రశ్న మమ్ము వదలలేదు. రాని పుస్తకమును గూర్చి ఇంత తపన యేల? ఈ తపన సాహిత్యమునకు సంబంధించినదా, లేక ప్రచురణ వ్యాపారము పుట్టించిన చిరాకు మాత్రమేనా? తెలుగు పాఠకుడు ఇట్టి నిరీక్షణను ఎరుగునా? ఈ వ్యాసమున మేము విచారింపదలచినది ఇంతే.

మొదట ఆ కథను ఎరుగని వారికొరకు రెండు మాటలు. ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ అను ఈ పరంపరలో మొదటి సంపుటము 1996లో వెలువడినది. మూడు సంపుటములలో ముగియునని రచయిత మొదట తలపెట్టెను. కథ పెరిగి ఏడు సంపుటముల సంకల్పమైనది. రెండవది 1998లో, మూడవది 2000లో వచ్చినవి. పిదప ఎడము పెరిగి నాలుగవది 2005లోను, అయిదవది 2011లోను వచ్చినవి. ఆ తరువాత పదేండ్లు దాటినను ఆరవది రాలేదు. డ్రాగను అనగా రెక్కలుండి నిప్పు గ్రక్కు మహాసర్పము. మన నాగులు నిధులను కాచును గాని నిప్పు గ్రక్కవు. మన మకరమునకు నీరే గాని నింగి లేదు. కావున ఈ జంతువునకు సరియైన తెలుగు మాట లేదు, డ్రాగను అనియే అందుము. నశించిపోయినవని అందరు నమ్మిన డ్రాగనులు మొదటి సంపుటము తుదిపుటలలో ఒక చితిమంటనుండి పుట్టుకొని వచ్చును. అక్కడ కథ ఆగును. పాఠకుని అట్టిచోట విడిచిపెట్టుటలోనే ఈ రచయిత నేర్పు కలదు; అతనిపై పాఠకుల కోపమునకు మూలమును అదియే.

నిరీక్షణను విచారించుటకు మనకొక పాత పనిముట్టు కలదు. శాబ్దబోధమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కారణములని తార్కికులు చెప్పుదురు. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున వీనిని చిన్న చిన్న ఉదాహరణములతో బోధించెను. ఆవు, గుఱ్ఱము, మనుజుడు, ఏనుగు అని వరుసగా పలికినచో ఒక పదము మరియొకదానిని కోరుట లేదు గనుక అది వాక్యము కాదు, ఆకాంక్ష లేదు. నిప్పుతో తడుపుచున్నాడన్నచో కోరిక ఉన్నను పొంతన లేదు, యోగ్యత లేదు. ‘ఆవును’ అని ఇప్పుడు పలికి, ‘తెమ్ము’ అని జామునకు పలికినచో పదములు రెండును సరియైనవే; అయినను అర్థము కలుగదు; సన్నిధి లేదు. ఇవి వాక్యమునకు చెప్పిన లక్షణములు. వీనిని కథకు అన్వయించుట శాస్త్రజ్ఞులకు సాహసముగా తోచవచ్చును. కాని క్రమముగా భాగములై వెలువడు కథకు ఇంతకంటె సరిపోవు కొలత మాకు కనబడలేదు.

ఎట్లన, భాగాంతమున పాఠకునిలో మిగులు ‘తరువాత ఏమి?’ అనునది ఆకాంక్ష. వచ్చు భాగము ముందరి భాగమునకు తగియుండుట యోగ్యత. రెండింటి నడుమ కాలపుటెడము జ్ఞాపకము తెగిపోనంతగా ఉండుట సన్నిధి. నిప్పుతో తడుపుట పొసగదన్న తార్కికుడు నిప్పు గ్రక్కు పామును చూచి ఏమనునో తెలియదు గాని, పాఠకుడు మాత్రము దానికి వెరవడు. ఆ లోకపు నియమమును మొదటనే ఒప్పుకొని అతడు లోపలికి వచ్చును. వాడు ఒప్పుకొననిది వేరొకటి. మార్టిన్ కథను టెలివిజనువారు 2011నుండి ధారావాహికముగా చూపుచు, పుస్తకములను దాటిపోయి 2019లో తమ ముగింపు తాము చెప్పిరి. ప్రేక్షకులనేకులు దానిని మెచ్చలేదు. డ్రాగను ఊరిని కాల్చుట నమ్మశక్యము కాదని ఎవరును అనలేదు. ఆ పాత్ర ఆ పనికి ఇంత త్వరగా పూనుకొనుట పొసగలేదని అనిరి. ఆకాంక్ష తీరినను యోగ్యత చాలలేదన్నమాట. టైడాలో మా విద్యార్థిని వాదమును ఇదియే: ముగింపు తెలిసినను ఆమె పుస్తకమునకై ఎదురుచూచుట మానలేదు.

ముగింపు తెలిసియు ఎదురుచూచుట తెలుగువారికి కొత్త కాదు. మన సాహిత్యమున అన్నిటికంటె దీర్ఘమైన నిరీక్షణ ఆ తీరుదే. పదునొకండవ శతాబ్దిలో నన్నయ భారతాంధ్రీకరణము అరణ్యపర్వము నాలుగవ ఆశ్వాసమున ఆగిపోయినది. పదుమూడవ శతాబ్దిలో తిక్కన విరాటపర్వమునుండి మొదలిడి పదునైదు పర్వములు పూర్తి చేసెను గాని ఆ నడిమి కొఱతను ముట్టలేదు. పదునాలుగవ శతాబ్దిలో ఎఱ్ఱన ఆ శేషమును పూరించెను. అనగా అరణ్యమున నిలిచిన పాండవులను తెలుగున అజ్ఞాతవాసము దాక నడిపించుటకు మూడు శతాబ్దములకు దగ్గరగా పట్టినది. తార్కికుని లెక్క ప్రకారము సన్నిధి ఎన్నడో చెడవలసినది. చెడలేదు. కారణమేమనగా శ్రోతలకు కథ ముందే తెలియును; వ్యాసుని మూలము అందుబాటున ఉన్నది. వారు ఎదురుచూచినది కథకు కాదు, తెలుగు మాటకు. ‘ఏమి జరుగును?’ అను ఆకాంక్ష వేరు, ‘ఎట్లు చెప్పును?’ అను ఆకాంక్ష వేరు. మొదటిది ఎడమును సహింపదు. రెండవది ఎంతకాలమైనను ఓర్చును.

ఎఱ్ఱన చేసిన మరియొక పనిని గూర్చి ఇచ్చట చెప్పక తప్పదు. అతడు తన పూరణమును తన కాలపు ప్రభువునకు కాక రాజరాజనరేంద్రునికే అంకితముగా నడపెను. నన్నయ శైలితో మొదలై తిక్కన శైలి దిక్కునకు సాగినాడని విమర్శకులు మెచ్చుకొనిరి. ఇట్టి వినయమునకు పాశ్చాత్యదేశముల ఈ నడుమనే ఒక తోడు దొరకినది. రాబర్ట్ జోర్డన్ అను రచయిత ‘ది వీల్ ఆఫ్ టైమ్’ అను మాయాకథా పరంపరను ముగింపకయే 2007లో మరణింపగా, అతడు విడిచిన వ్రాతలను ఆధారముగా గొని బ్రాండన్ సాండర్సన్ తుది మూడు సంపుటములను 2009, 2010, 2013లలో వెలువరించెను. వానిపై జోర్డన్ పేరే ముందున్నది. తేడా లేకపోలేదు. సాండర్సన్ పాఠకులు కథ తెలియక తహతహలాడినవారు, ఎఱ్ఱన శ్రోతలు అట్టివారు కారు. అయినను ఒకరు ఆపిన వాక్యమును మరియొకరు అందుకొనునప్పటి భయభక్తులు రెండుచోట్లను ఒక్కటియే.

తెలిసిన కథకై వేచియుండుటకు నేటికిని చూడదగిన తార్కాణము పల్నాటి కారెంపూడిలో కలదు. ఏటేట కార్తిక అమావాస్యతో మొదలై అయిదు దినములు సాగు వీరారాధనోత్సవమున రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కొక్కనాటికి ఒక్కొక్క ఘట్టము. కోడిపోరున ఎవరు ఓడుదురో ఎరుగనివాడు ఆ జనములో ఒక్కడును ఉండడు. అయినను మరునాటి ఘట్టమునకు అంతమంది వత్తురు. ఆ ఎడబాటు ఒక్క రాత్రియే. దానిని కథయే ఏర్పరచినది, అడ్డంకి కాదు.

తెలియని కథకై తెలుగు పాఠకుని మొదట ఆత్రపెట్టినవాడు పింగళి సూరన యనవచ్చును. కళాపూర్ణోదయము కథ పురాణములనుండి తెచ్చినది కాదు గనుక, ముందేమగునో పండితునికిని తెలియదు. తొలి ఆశ్వాసములలో మణికంధరుడు, కలభాషిణి, రంభానలకూబరులు మొదలగువారి చుట్టును పడిన ముడులు చాల దూరము పోయిన పిమ్మట గాని విడివడవు. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914నాటి కవిత్వతత్త్వ విచారమున సూరనను అంతగా మెచ్చుకొనుటకు ఈ కథాసంవిధానమే ముఖ్యకారణము. ఐనను సూరన పాఠకుడు నిరీక్షించువాడు కాడు. ఆత్రము కలిగినంతనే పత్రము త్రిప్పుకొనగలడు. ఆశ్వాసాంత పద్యములలో కృతిపతిని సంబోధించుట ఊపిరి తీసికొనుటకు చాలునే గాని నెల గడుపుటకు చాలదు.

మధిర సుబ్బన్న దీక్షితులుగారు కాశీమజిలీ కథలలో ఈ ఎడమునే కథకు చట్రముగా బిగించిరి. మణిసిద్ధునితో కాశికి బయలుదేరిన గోపకుమారుడు మజిలీ మజిలీకి ఏదో ఒక వింత చూచి వచ్చి అడుగును. దాని కథను యతి చెప్పును. కథ కావలెనన్నచో మరుసటి మజిలీ దాక నడవవలెను. పన్నెండు భాగములుగా వెలువడిన ఆ గ్రంథమును చదివిన పాఠకుడును గోపబాలకునివలెనే నడచినవాడు. ఇక్కడ దీని ప్రసక్తి ఇంతమట్టునకే.

అసలు విషయము చందమామ ధారావాహికములయందు కలదు. 1947 జూలైలో మద్రాసున బి. నాగిరెడ్డి, చక్రపాణిగారలు స్థాపించిన ఈ మాసపత్రికలో 1954లో ‘తోకచుక్క’ మొదలైనది. అదిమొదలు 1970ల తుదినాటి ‘భల్లూక మాంత్రికుడు’ దాక ‘మకరదేవత’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపము’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గము’, ‘శిథిలాలయము’, ‘యక్షపర్వతము’, ‘మాయాసరోవరము’ మున్నగునవి ఒకటి ముగియగా మరియొకటిగా సాగినవి. ద్వీపములు, మాంత్రికులు, శిథిలమైన కోటలు, వింతమృగములు, వాని నడుమ చిక్కుకొని వెరవని ఇద్దరు యువకులు. ఖడ్గవర్మ జీవదత్తులు, జయశీలుడు సిద్ధసాధకుడు అను జంటలు ఒక తరమునకు చుట్టములైరి. డ్రాగను అను పేరుతో కాకున్నను, ఆ జాతి జంతువులను తెలుగు బాలుని కలలోనికి తెచ్చినవి ఈ కథలును, వానికి చిత్రకారుడు ‘చిత్ర’ గీసిన బొమ్మలును. మా చిన్ననాట బొమ్మను ముందు చూచి, ఈ నెల ఆపద ఏదో ఊహించి, ఆ తరువాతనే చదువు మొదలుపెట్టెడివారము.

ఈ భాగముల నిర్మాణమును పరిశోధకుడు శ్రద్ధతో చూడవలెను. ప్రతి భాగమునకు మొదట జరిగిన కథ కొన్ని పంక్తులలో చెప్పబడును. తుదిని ఒక ప్రమాదము, లేక ఒక వింత ధ్వని, లేక ఎవరో వచ్చుచున్న అలికిడి. దాని క్రింద ‘ఇంకా ఉంది’ అను రెండు మాటలు. మొదటిది సన్నిధిని కాపాడుటకు, రెండవది ఆకాంక్షను నిలుపుటకు. నడుమ నెల దినములున్నవి. ఆ నెలను రచయిత లెక్కలోనికి తీసికొనియే వ్రాసెను గనుక అది కృతికి వెలుపలిది కాదు. తాళములో శబ్దము లేని చోటును తాళమే అయినట్లు, ఈ నెలయు కథలోని భాగమే. మన నోటికథ ‘కథ కంచికి, మనమింటికి’ అని ముగియును; శ్రోతకు సెలవిచ్చును. ‘ఇంకా ఉంది’ సెలవీయదు. అదే పత్రికలో ప్రతినెలయు వచ్చిన బేతాళకథ ఏనెలకానెల ముగిసెడిది. దానిని అందరు ఇష్టపడిరి గాని దానికై ఎవరికిని నిద్ర చెడలేదు.

ఇంకొక విశేషము. ఈ ధారావాహికములను వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యముగారు. 1952లో చందమామలో చేరి, అర్ధశతాబ్దికి మించి అందే పనిచేసి, 2010లో మరణించిరి. కథలు వచ్చుచున్నంతకాలము వారి పేరు వానిపై అచ్చుకాలేదు. ఎన్నో ఇండ్లలో ప్రతినెలయు ఎదురుచూపబడిన రచయిత ఎవరో ఆ ఇండ్లవారికి తెలియదు. మార్టిన్ పాఠకులు రచయితను నిలదీయగలరు, అలుగగలరు, అతని వయస్సు లెక్కించి భయపడగలరు. మన పాఠకుడు నిలదీయదలచినను పత్రికనే నిలదీయవలెను, లేనిచో తపాలా జవానును. ఇందు రచయితకు జరిగిన అన్యాయము స్పష్టము. దానిని మేము తక్కువ చేయుట లేదు. కాని రచయిత కనబడకపోవుటవలన నిరీక్షణ అంతయు కథపైననే నిలిచినదనుటయు నిజము. ఎవరు చెప్పుచున్నారో తెలియని కథకై ఇరువదియేండ్లకు పైగా జనము ఎదురుచూచుట మన ఆధునిక సాహిత్యమున అరుదు.

కావున మేము చెప్పదలచిన భేదము ఇది. గడువు గల నిరీక్షణ కృతిలోని అవయవము. గడువు లేని నిరీక్షణ కృతిపై పడిన కాలపు దెబ్బ. చందమామ నెల మొదటి తెగకు చేరును, మార్టిన్ సంవత్సరములు రెండవ తెగకు. అయితే రెండవ తెగ నిరీక్షకుడును ఊరకుండడు. టైడాలో మా విద్యార్థిని అయిదు సంపుటములను మూడుమార్లు చదివితినని చెప్పినది. పత్రిక వ్రాసి ఇచ్చెడి ‘జరిగిన కథ’ను ఆమె తానే కూర్చుకొనుచున్నది. సన్నిధి చెడకుండ కాపాడు పని రచయిత చేతినుండి పాఠకుని చేతికి మారినది. పునఃపఠనమున ఆమెకు మొదట కనబడని సూచనలు కనబడినవట, ‘ఏమి జరుగును?’ అని మొదలైన ఆకాంక్ష మెల్లగా ‘ఎట్లు చెప్పెను?’ అను దిక్కునకు ఒరిగినది. ఎఱ్ఱన శ్రోతల స్థితికి ఆమె మరియొక త్రోవను చేరుచున్నదని మాకు తోచినది. ఈ మాట ఆమెతో అనగా, “అయితే నేను మూడొందల ఏళ్లు ఆగాలా మాస్టారూ?” అన్నది. జవాబు చెప్పలేకపోతిమి.

ఇది మన వృత్తికి ఒక చిక్కును తెచ్చిపెట్టుచున్నది. ధారావాహికము పుస్తకమైనప్పుడు మొదట పోవునవి ‘జరిగిన కథ’యు, ‘ఇంకా ఉంది’యు. సంపాదకులు వానిని అనవసరమని తీసివేయుదురు. కథ ఏకధారగా చదువుకొనుటకు అదియే మేలు. కాని దానిని చదివి సిద్ధాంతవ్యాసము వ్రాయు విద్యార్థికి ప్రతి ఎనిమిది పుటలకు ఒక ఆపద ఎందుకు వచ్చునో అర్థము కాక, అది రచయిత లోపమని వ్రాయుచున్నాడు. అట్టి వ్రాతప్రతులను మేము దిద్దియున్నాము. ఎక్కడ విరామమున్నదో తెలియనివాడు ఎక్కుదిగుళ్లను తప్పులనుకొనును. చందమామ 2010ల ఆరంభమున ఆగిపోయినది; పాత సంచికలు విడివిడిగా దొరకుట ఏటేటికి కష్టమగుచున్నది. బైండు చేయునప్పుడు అట్టలు, ప్రకటనలు చించివేసిన సంపుటములే గ్రంథాలయములలో ఎక్కువ.

నోటికథకు ఈ నష్టము ఇంకను హెచ్చు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు అరకు ప్రాంతమున కొండదొరలు మాట్లాడు కూబి భాషను పరిశీలించి 1969లో ప్రకటించిన గ్రంథమున వ్యాకరణముతోపాటు మూలపాఠములను కూడ ఇచ్చిరి. భాషాశాస్త్రమునకు అది ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. వారి తరువాత ఈ కొండలకు వచ్చిన మావంటివారు చేతియంత్రములలో గంటలకొలది ధ్వని నింపుకొని పోవుచున్నారు. కాని చెప్పరి ఊపిరికై ఆగినచోట, ‘మిగతాది తరువాత’ అని లేచిపోయినచోట యంత్రము ఆపివేయబడును. మరల మొదలైనప్పుడు అతికింపబడును. నడుమ వినువారు ఏమనుకొనిరి, ఏమి ఊహించిరి, మరునాడు ఎవరు ముందుగా వచ్చి కూర్చుండిరి అనునవి మన వ్రాతలోనికి రావు. ఆ రెండవ రాత్రి మా విద్యార్థులకు ఈ సంగతి చెప్పి, ధ్వనిని ఆపిన వేళయు, మరల తెరచిన వేళయు కాగితముపై వ్రాయుడని అంటిమి. చలికి చేతులు కొంకర్లుపోవుచుండగా కొందరు వ్రాసిరి.

ఒక చిన్న సంగతి చెప్పి విరమింతుము. మేము బడిలో చదువుకొనునాడు మా ఊరి గ్రంథాలయమున చందమామ బైండు సంపుటమొకటి ఉండెడిది. అందొక సంచిక లేదు. ధారావాహికములో నాయకుడు ఒక గుహద్వారమున నిలిచియుండగా భాగము ముగియును. తరువాతి పుటలో అతడు గుహ ఆవల ఉన్నాడు. ‘జరిగిన కథ’ చదివి లోపల ఏదో మృగముతో పోరు జరిగినదని తెలిసికొంటిమి గాని, పోరు ఎట్లు జరిగినదో తెలియదు. చాల ఏండ్లు మాకు తోచినట్లెల్ల ఆ గుహలో యుద్ధములు చేయించితిమి. పిదప ఆ కథ పుస్తకముగా వచ్చినప్పుడు మొదట ఆ భాగమునే తెరచితిమి. ఎనిమిది పుటలు, పది నిమిషములలో అయిపోయినది. మృగము మేము అనుకొన్నంత పెద్దది కాదు.